ఫ్రీజర్ కింద నీళ్ళు

"షాపు కాస్త చూసుకో బొంగరం. ఎవరైనా వస్తే ఒక్క కేక వెయ్యి" అని నాన్న భోజనానికి లోపలికి వెళ్ళాడు.

ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ ఆ పిల్లని బొంగరం అంటారు. నాన్నది చేపలు, చికెన్ అమ్మే చిన్న షాపు. ఆ మధ్యాహ్నం బొంగరం కూర్చున్న చోటునుంచి కదల్లేదు. ఒళ్ళో అమ్మ ఫోన్ పెట్టుకుని, అందులో ఆట ఆడుతోంది. సరిగ్గా గెలవబోతుండగా చార్జింగ్ అయిపోవచ్చింది. గోడకి ఉన్నది ఒకటే స్విచ్ బోర్డు. అందులో ఫ్రీజర్ ప్లగ్ ఉంది.

"కాసేపేగా!" అనుకుని దాన్ని పీకి, చార్జర్ పెట్టింది.

ఆట మీద ఆట. భోంచేసిన నాన్న లోపల బాగా నిద్రపోయాడు. కాలికి తడి తగిలాక గానీ బొంగరం కిందికి చూడలేదు. మూత సరిగా పడని పాత ఫ్రీజర్ కింద నీళ్ళు!

గబగబా మూత తీసింది. చేప, చికెన్ ముక్కలన్నీ మెత్తబడిపోయాయి. ప్లగ్ మళ్ళీ పెట్టేసి, గుడ్డ తెచ్చి నీళ్ళన్నీ తుడిచేసింది.

సాయంత్రానికి ముక్కలు పైపైన మళ్ళీ గట్టిపడ్డాయి. "హమ్మయ్య" అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే టైలర్ అత్త వచ్చి చేప ముక్కలు కొనుక్కెళ్ళింది. వాళ్ళమ్మాయి బొంగరం క్లాసే. ఒకటే కబుర్లు చెబుతుందని ఆ పిల్లకి వాగుడుకాయ అని పేరు.

మర్నాడు వాగుడుకాయ బడికి రాలేదు.

"ఇవాళ క్లాసు ఇంత నిశ్శబ్దంగా ఉందేమిట్రా?" అంది టీచర్. అందరూ నవ్వారు. బొంగరం కూడా నవ్వింది.

బడి నుంచి వచ్చేసరికి నాన్న ఫోన్‌లో అరుస్తున్నాడు.

"ఐసు సరిగా వెయ్యకుండా సరుకు పంపిస్తావా? పాపం, టైలరమ్మ కూతురు ఆస్పత్రిలో పడింది! చేప వల్లేనన్నాడు డాక్టర్. రేపటి నుంచి నీ వ్యాను మా గుమ్మం ముందు ఆగక్కర్లేదు!"

అవతల ఉన్నది వ్యాను మామయ్య. రోజూ పొద్దున్నే హారన్ కొట్టి "మహారాణిగారు లేచారా?" అని ఆటపట్టిస్తాడు.

బొంగరం బడి సంచి అక్కడే పడేసి నాన్న దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యని తిట్టకు నాన్నా. నిన్న ఫ్రీజర్ ప్లగ్ తీసింది నేనే."

అంతా విని నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. కేకలెయ్యలేదు.

"మళ్ళీ గడ్డకట్టాయి కదా నాన్నా..."

"గడ్డకడితే క్రిములు చావవమ్మా. మెత్తబడినప్పుడే బోలెడన్ని పెరిగిపోతాయి. ఒక్కోసారి వండినా వాటి విషం పోదు. అప్పుడే ఒక్క మాట చెప్పుంటే అన్నీ పారేసేవాణ్ణి కదా!"

మామయ్యకి ఫోన్ చేసి క్షమించమన్నాడు. ఫ్రీజర్ అంతా ఖాళీ చేశాడు. "కొన్నవాళ్ళందరికీ చెప్పాలి. ఇంకా ఎవరింట్లోనైనా మిగిలుంటే?" అంటూ చెప్పులేసుకున్నాడు. బొంగరం వెంట నడిచింది.

ముందు ఆస్పత్రికి వెళ్ళారు. వాగుడుకాయ చేతికి సెలైన్ సూది ఉంది. పెదాలు ఎండిపోయాయి. బొంగరాన్ని చూసింది కానీ ఒక్క మాటా మాట్లాడలేదు.

"మా షాపులోనే పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు నాన్న.

"నిన్ను నమ్మే కదన్నయ్యా కొన్నాను" అంది టైలర్ అత్త.

నాన్న తల దించుకున్నాడు. బొంగరం నాన్న వెనక్కి జరిగింది. ఇద్దరూ బయటికి వచ్చేశారు.

మెట్ల దగ్గర బొంగరం ఆగిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి వార్డులోకి పరుగెత్తింది.

"ప్లగ్ తీసింది నేను అత్తా. దాచిపెట్టిందీ నేనే. నాన్నకేం తెలీదు."

అత్త కూతురి దుప్పటి సర్దుతూ అటు తిరిగిపోయింది. బొంగరం కళ్ళు తుడుచుకుంటూ వచ్చేసింది.

తర్వాతి ఇల్లు పోస్ట్‌మన్ తాతయ్యది. నాన్న చెయ్యెత్తే లోపలే బొంగరం తలుపు తట్టింది.

"తాతయ్యా, నిన్న కొన్న చికెన్ వండేశారా? వండకండి. పాడైపోయింది. నా వల్లే."