హంస చిక్కిపోయింది

"మా హంసకి మీరు తిండి పెట్టలేదా?"

కదిరేశన్ తలెత్తి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. భుజాన మగ్గానికి కట్టే చిల్లుల అట్టల కట్ట, చేతిలో మూరెడు పట్టుగుడ్డ, ముక్కు మీద కోపం. ఆరణి వీధిలో చినుకులు మొదలయ్యాయి గానీ, తడుస్తున్న ధ్యాస ఆమెకి లేదు.

"ఏ హంస అండీ?"

"ఈ నెలలో ఎన్ని హంసల్ని చంపారేంటి?" అంటూ గుడ్డని బల్ల మీద పరిచింది. "తెయ్వశిగామణి గారి అమ్మాయిని. అరసి అంటారు. ఇదిగో, మీరు కొట్టిచ్చిన అట్టలతో నేసిన నమూనా. చూడండి."

చూశాడు. మెరూన్ పట్టు మీద జరీ హంస. మెడ సాగి, పొట్ట లోపలికి పోయి, వారం రోజులుగా పస్తులున్న కొంగలా ఉంది.

పది మగ్గాలున్న తెయ్వశిగామణి అంటే కదిరేశన్‌కి భక్తి. ఆయన ఇంటి నుంచి వచ్చే బొమ్మలంటే ఇంకా భక్తి. గళ్ళ కాగితం మీద గీసిన ఆ బొమ్మల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, గడి గడికీ రంగు నింపి, అట్టలు కొట్టివ్వడం అతని పని. ఆ గీతలోని ఒడుపు చూసి, పెద్దాయన చెయ్యి బంగారం అని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

అయినా తన పని మీద మాట పడితే ఎవరూరుకుంటారు?

"అట్టలు సరిగ్గానే ఉన్నాయండీ. నేత వదులైతే బొమ్మ నిలువునా సాగుతుంది. ఎవరు నేశారో గానీ పేక బిగించలేదు."

"నేనే నేశాను."

కదిరేశన్ గుడ్డని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

అరసి పోగులు లెక్కపెట్టే భూతద్దం తీసి గుడ్డ మీద పెట్టింది. "లెక్కపెట్టండి. పైకి."

అంగుళానికి డెబ్భై రెండు. అతను చెప్పిన లెక్కే. మళ్ళీ లెక్కపెట్టాడు. ఒక్క పోగు కూడా తేడా లేదు.

"అన్నా అని పిలుద్దామనుకుంటూ వచ్చాను," అంది అరసి. "ఇప్పుడా గౌరవం పోయింది."

పోయినందుకు అతనికి పెద్దగా బాధ కలగలేదు. ఎందుకు కలగలేదో ఆలోచించే వ్యవధి దొరకలేదు. ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"శుక్రవారం నమూనా చూడ్డానికి కంచి నుంచి వ్యాపారి వస్తున్నాడు. గీత తప్పావు, ఇక పెన్సిల్ పక్కన పెట్టు, పాత రుద్రాక్షల అంచే నేసుకుందాం అంటున్నారు నాన్న. నా గీత తప్పలేదు. నాకు తెలుసు."

"మీ గీతా? ఈ బొమ్మలన్నీ..."

"ఆరు నెలల నుంచీ నావే. మీరెవరివనుకున్నారు?"

కదిరేశన్ చూపు బల్ల మీదికి దిగిపోయింది. ఇక చెప్పక తప్పదు.

"స్కాన్ చేస్తే తెర మీద హంస లావుగా కనిపించింది. పెద్దాయనకి వయసు మీదపడి చెయ్యి తప్పిందేమో, అడిగితే నొచ్చుకుంటారేమోనని... రెండు మధ్యాహ్నాలు కూర్చుని నేనే సన్నం చేశాను. గౌరవం కొద్దీ."

"గౌరవం కొద్దీ కొంగని చేశారు!"

"తెర మీద నిజంగా లావేనండీ. కావాలంటే చూడండి."

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. అతను దిద్దిన హంస తెర మీద నిండుగా, ముద్దుగా ఉంది. కాగితం మీద ఆమె గీసిన హంసా అలాగే ఉంది. గుడ్డ మీదే చిక్కిపోయింది.

అరసి తెరనీ గుడ్డనీ మార్చి మార్చి చూసింది. "ఒక సున్నా గీయండి. నిలువు వంద గళ్ళు, అడ్డం వంద గళ్ళు."

గీశాడు. ఆమె చేతి గాజు తీసి తెరకి ఆనించింది. పైనా కిందా గాజుకి సరిపోయిన సున్నా, రెండు పక్కలా బయటికి పొంగుకొచ్చింది.

"ఈ టీవీ ఎప్పుడు కొన్నారు?"

"మానిటరండీ. పోయిన నెల. పాత డబ్బా తెర చెడిపోతే..." అతని నోరు అక్కడే ఆగింది.

పాత తెర దాదాపు చదరం. ఇది వెడల్పాటిది. పదేళ్ళ నాటి కంప్యూటర్ పంపే బొమ్మని, తన ఒళ్ళంతా నిండాలని రెండు పక్కలకీ లాగి పరుస్తోంది. కొన్న రోజు నుంచీ అదే పని చేస్తోంది.

"డిస్‌ప్లే సెట్టింగ్స్ మారుస్తాను," అని ఈ తెరకి తగిన రిజల్యూషన్ కోసం వెతికాడు. పాత గ్రాఫిక్స్ కార్డుకి ఆ సైజే తెలియదు. ఉన్నవాటిలో పెద్దది నొక్కాడు. తెర నల్లబడింది.

"పోయిందా? నా హంస పోయిందా?" అరసి అతని చెయ్యి పట్టేసుకుంది.

"పదిహేను సెకన్లు ఆగండి. ఏమీ నొక్కకపోతే అదే వెనక్కొస్తుంది."

నల్లటి తెరలో ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే కనిపించాయి. ఆమె అటే చూస్తోంది, అతనూ అటే చూస్తున్నాడు, ఇద్దరూ హంసని మాత్రం చూడటం లేదు. ఇంకో పదిహేను సెకన్లు ఎక్కువ పెట్టి ఉంటే ఈ కంప్యూటర్ చేసినవాళ్ళ సొమ్మేం పోయేది అనుకున్నాడు కదిరేశన్.

తెర వెలిగింది. ఆమె చెయ్యి తీసేసుకుంది. బయట చినుకులు వానయ్యాయి.

రంగుల సంఖ్య మారిస్తే ఇంకో సైజు దొరుకుతుందేమోనని ఈసారి దాన్ని పెంచి చూశాడు. రెండువందల యాభైఆరు రంగులుంటేనే తెరుచుకుంటానని బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ మొండికేసింది.

"అచ్చం మా మేనత్తే," అంది అరసి. "తన పద్ధతి తనదే. దాన్ని కదపకండి. తెరకే ఏదైనా చెప్పి చూద్దాం." తెర అడుగున వేళ్ళతో తడిమి ఒక బటన్ నొక్కింది. మెనూ వచ్చింది. బొమ్మ వెడల్పు అన్నచోట, నిండుగా అన్నది తీసేసి, నాలుగుకి మూడు అన్నది పెట్టింది.

రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చాయి. మధ్యలో సున్నా గాజులో బుద్ధిగా ఒదిగింది. కదిరేశన్ ఆమె హంసని తను దిద్దకముందు ఉన్నట్టుగా మళ్ళీ తెరిచాడు. ఎక్కడా ఒక్క గడి దిద్దే పని లేదు.

"మీ హంస లావు కాదండీ. చాలా అందంగా ఉంది."

"ఆ మాట మా నాన్నతో చెప్తారా?" ఆమె ఎగతాళి చేయడం లేదు. "చెప్తే మా పది మగ్గాల పని మీకు పోవచ్చు. చెప్పకపోతే నా పెన్సిల్ పోతుంది. మీ ఇష్టం."

పది మగ్గాలంటే అతని షాపులో సగం పని. కదిరేశన్ గొడుగు తీశాడు.

వసారాలో జరీ చుడుతున్న తెయ్వశిగామణి అంతా విన్నాడు. ముఖంలో ఏమీ తెలియలేదు.

"తప్పు నాదయ్యా. అమ్మాయి గీతలో తప్పు లేదు."

"ఆ తెర వచ్చాక ఇంకెవరికి చేశావు తంబీ?"

"పోలూరు వాళ్ళ మామిడి పిందెలు. అవి కూడా సన్నం చేశాను."

"అవి మామిడి పిందెలా? మిరపకాయలనుకున్నానే!" పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కూతురి వైపు తిరిగేసరికి కళ్ళు చెమర్చాయి. "నిన్ను అనవసరంగా అన్నానమ్మా. పెన్సిల్ ఎక్కడ పెట్టావో తీసుకో."

అరసి అక్కడే ఏడ్చేసింది.

మర్నాటికల్లా కొత్త అట్టలు వచ్చాయి, శుక్రవారానికి నేత పూర్తయింది, వ్యాపారి మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అరసి ఏదో ఒక అట్ట పట్టుకుని, చిల్లు అనుమానంగా ఉందంటూ నాలుగుసార్లు షాపుకొచ్చింది. ఏ చిల్లులోనూ ఏ అనుమానమూ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కదిరేశన్ మాత్రం ప్రతిసారీ శ్రద్ధగా చిల్లులు చూసి పంపించాడు.

అయిదోసారి తెయ్వశిగామణి కూడా వచ్చాడు.

"వ్యాపారి పన్నెండు హంస చీరలడిగాడు తంబీ. పదకొండే ఇస్తానన్నాను."

"ఎందుకయ్యా?"

"మొదటిది దీని పెళ్ళిపీటల మీద కట్టే కూరై చీర. దాన్ని మేం పెట్టకూడదు. పెళ్ళికొడుకు ఇంటివాళ్ళే కొని తేవాలి కదా."

చూస్తున్న అట్టని కదిరేశన్ పక్కన పెట్టేశాడు. "ఎవరు కొంటున్నారయ్యా?"

"నన్నడుగుతావేం? ఇంటికెళ్ళి మీ అమ్మనడుగు."

కదిరేశన్ అరసి వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"నాన్నకి నేనే చెప్పాను," అంది. "మీరు చెప్తారేమోనని నాలుగుసార్లు వచ్చాను. మీరు చిల్లులు చూస్తూ కూర్చున్నారు."