నాలుగో మంచం దగ్గర గ్లాసు

ఆ పిల్లల వార్డులో నాలుగో మంచానికి మంచి పేరు లేదు. మూలన, విడి గది తలుపు పక్కనే ఉంటుందది. రాత్రిపూట దాని దగ్గర గ్లాసు పెడితే ఖాళీ అయిపోతుందని, తాగిందెవరో ఇంతవరకు ఎవరి కంటా పడలేదని ఆయమ్మ చెప్పేది. చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గించేది... అందుకే అందరూ నమ్మేవారు.

కొత్తగా చేరిన చిన్న సిస్టర్‌కి అది రెండో రాత్రి డ్యూటీ. ఆ మంచం మీద ఏడాదిన్నర బుడ్డోడు. వాంతులు, విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి. మధ్యాహ్నం నుంచి ఉచ్చ పోయలేదు.

"ఈ ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో నిమిషానికోసారి పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలెట్టాలి. తెల్లారేలోగా ఉచ్చ పోస్తే సరి. లేదంటే సూది గుచ్చి సెలైన్ ఎక్కించాల్సిందే," అని చెప్పి డాక్టరుగారు వెళ్లారు.

"నేను పడతాలే సిస్టర్," అంది తల్లి. మూడు రాత్రులుగా నిద్ర లేదేమో, ఆ నాలుగు ముక్కలూ ఆవలిస్తూనే అంది.

తొమ్మిదింటికి సిస్టర్ గ్లాసు నింపి పెట్టి, మిగతా పిల్లల జ్వరాలు చూడబోయింది. పదింటికి వచ్చి చూస్తే — ఖాళీ. తల్లి పట్టిందనుకుంది. చార్టులో 'వంద మిల్లీలీటర్లు తాగాడు' అని రాసి, మళ్లీ నింపింది.

పదకొండింటికి ఖాళీ... రాసింది.

పన్నెండింటికి ఖాళీ... రాసింది.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ వాటిలో ఒక్కటీ కళ్లతో చూసి రాసింది కాదు.

ఒంటిగంటకు సిస్టర్ బుడ్డోడి పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు. నాలుక అట్టలా ఎండిపోయింది. డైపర్ పొడిపొడిగా ఉంది.

మూడు గ్లాసులు తాగినవాడు ఇలా ఉంటాడా?

తల్లిని తట్టి లేపింది. "అమ్మా... ఎన్ని చెంచాలు పట్టారు?"

"నేనెక్కడ పట్టాను? మెలకువొచ్చినప్పుడల్లా గ్లాసు ఖాళీగా ఉంటే, మీరే పట్టేశారనుకున్నా!"

"నేను మీరనుకున్నా..."

ఇద్దరూ మెల్లగా గ్లాసు వైపు తిరిగారు.

"చెబితే విన్నారా?" వెనక నుంచి ఆయమ్మ గుసగుసలాడింది. "దానికి దాహం తల్లీ... దానికో గ్లాసు విడిగా పెట్టెయ్. గొడవొదిలిపోద్ది."

"రాత్రంతా నువ్వు ఈ మూలకు రాకపోవడానికి దెయ్యం బాగానే పనికొచ్చింది ఆయమ్మా!" అంది సిస్టర్. గొంతు గట్టిగానే ఉంది. కళ్లు మాత్రం గ్లాసు మీంచి కదల్లేదు.

ముందు డాక్టరుగారికి ఫోన్ చేసి, చూడకుండా రాశానని ఒప్పుకుంది. తినాల్సిన చీవాట్లు తిన్నది. "ఇప్పుడైనా మొదలెట్టు. ఐదున్నరకు వస్తాను," అన్నారాయన. చార్టులో ఆ మూడు వరుసలూ కొట్టేసి, 'తాగలేదు. నేను చూడకుండా రాశాను' అని రాసి సంతకం పెట్టింది. పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని, గ్లాసు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది.

ఒక చెంచా... ఇంకో చెంచా... వార్డంతా నిద్ర. చిన్న లైటొక్కటే వెలుగుతోంది. విడి గది తలుపు కిర్రుమన్నట్టుంది... గాలేమో...

బుడ్డోడి మూతి తుడిచి, మళ్లీ చెంచా ముంచబోయింది.

గ్లాసు లేదు.

చెవి పక్కనే — సుర్ర్...ర్ర్...

తల తిప్పింది. తెల్లటి మొహం. అందులో రెండు కళ్లు. గ్లాసును పట్టుకున్న రెండు చేతులు... వాటికి వేళ్లు లేవు!

ఆయమ్మ కెవ్వున అరిచి మూడో మంచం కింద దూరింది. తన నడుం ఇంకా అంత బాగా వంగుతుందని ఆమెకే తెలియదు.

సిస్టర్ కూడా పారిపోయేదే. కానీ ఒళ్లో బుడ్డోడు ఉన్నాడు. వాణ్ణి గుండెకు హత్తుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది. "ఏయ్! ఆ గ్లాసిటివ్వు! అది పసివాడిది!"

"కొంచెమే ఉందాంటీ..." అంది దెయ్యం బిక్కమొహం వేసి. "మా గదిలో నీళ్లు చప్పగా ఉన్నాయి. ఇవి నారింజ నీళ్లు."

సిస్టర్ కళ్లు తెరిచింది. విడి గదిలో ఉన్న ఆరేళ్ల పాప! ఆటలమ్మ తగ్గుముఖం పట్టి, పొక్కులు ఎండి, రేపు ఇంటికి వెళ్లాల్సిన పిల్ల. దురద తగ్గడానికి మొహం నిండా తెల్లటి మందు. గోక్కోకుండా రెండు చేతులకూ మేజోళ్లు.

"మీ అమ్మేదే?"

"గురక పెడుతోంది."

పాపను గదిలో పడుకోబెట్టి, గడియ వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త గ్లాసు తెచ్చుకుంది. ఆ తర్వాత ఒక్క చెంచా కూడా కళ్లు తిప్పి పట్టలేదు. రెండుసార్లు కక్కాడు. రెండుసార్లూ పది నిమిషాలాగి మళ్లీ మొదలెట్టింది. తల్లి చెంచాలు లెక్కబెట్టింది. ఆయమ్మ మంచం కింద నుంచే లెక్కబెట్టింది.

ఐదున్నరకు డాక్టరుగారు రానే వచ్చారు. డైపర్ విప్పి చూశారు. పొడిగా ఉంది. ఆయన సూది కోసం చెయ్యి చాపారు. బుడ్డోడి మీదికి వంగారు —

జుయ్యిమంటూ సన్నటి ధార లేచి తిన్నగా ఆయన చొక్కా మీద పడింది.

"పోశాడు!" తల్లి ఏడుస్తూ నవ్వింది.

డాక్టరుగారు చొక్కా పిండుకున్నారు. "ఇది నేను కళ్లారా చూశాను సిస్టర్," అన్నారు. "రాసుకో."