మిగిలిన పూతరేకు

ఆ రోజు మిగిలిన పూతరేకు తనే తినేసిన సంగతి కామాక్షి నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. దేవుడి ముందు కూడా నోరు విప్పి అనలేదు.

యాభై మూడో సంవత్సరం, కార్తీకమాసం. రాజోలు దగ్గర ఓ ఊళ్లో, ఆడవాళ్లు చందాలు వేసుకుని నడిపే పసిపిల్లల బడి. ఇరవై రెండు మంది పిల్లల్ని నావ మీద లంకకి వనభోజనాలకి తీసుకెళ్లాలి. కామాక్షికి అప్పటికి పంతొమ్మిదేళ్లు. తను చదువుకోడానికి ఏ బడి గడపా తొక్కలేదు. పచారీ కొట్టు పొట్లాలు విప్పి, కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంది. జీతం బత్తెం లేకుండా ఆ బడిలో పిల్లల ముక్కులు తుడుస్తూ ఉండేది.

బడి పెద్ద వెంకటరమణమ్మగారు ముందురోజే పిలిచి చెప్పేరు.

"పరీక్ష ప్యాసవని దాన్ని పంతులమ్మని చేస్తానంటున్నానని నలుగురూ నన్ను ఆడిపోసుకుంటున్నారే. రేపు పిల్లల్ని పువ్వుల్లా తీసుకెళ్లి పువ్వుల్లా తీసుకొచ్చేవంటే, పై నెల నుంచి ఉద్యోగం నీదే."

ఆ మాట కొంగున ముడేసుకుని నావెక్కింది కామాక్షి.

లంకలో పొద్దంతా బాగానే గడిచింది. పులిహోర తిన్నారు. నావ నడిపే ఏలీయా కొబ్బరాకుతో తలో బూరా చుట్టి ఇచ్చేడు. "ఊదండర్రా, మీ ఊదుడికి గోదారి వెనక్కి పోవాల!" అన్నాడు. అందరిలోకీ గట్టిగా ఊదింది మరిడమ్మ. ఆరేళ్లది, ముందుపళ్లు రెండూ ఊడిన పిల్ల. తల్లి బంగారమ్మ కూలికి పోతూ పొద్దున్నే రేవులో దింపి, "అక్క కొంగు వదలకే" అని మరీ చెప్పి వెళ్లింది.

మూడు గంటలప్పుడు తూర్పున మబ్బు లేచింది. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కొబ్బరి మట్టల్లో చప్పుడు లేదు. కాకి అరుపు లేదు. నీటి మీంచి కుళ్లిన నాచు వాసన మెల్లగా గట్టెక్కింది. పట్టపగలే చీకటి పడ్డట్టయింది.

"కానీయండి అమ్మాయిగారూ. ఈ మబ్బు మంచిది కాదండి," అన్నాడు ఏలీయా.

కామాక్షి గిన్నెలు మూట కడుతోంది. ఎవరో కొంగు లాగేరు.

"అక్కా, నా బూరా అక్కడుండిపోయింది. తెచ్చుకోనా?"

"ఊఁ," అంది, ముడి మీంచి తల ఎత్తకుండా.

నావ ఎక్కేసరికి వాన దబదబా పడింది. పిల్లలంతా తాటాకు గూడు కింద దూరి, పైన గోనెపట్టా కప్పుకున్నారు. తలలు లెక్కపెట్టడానికి లేదు. కామాక్షి బయట నించుని పేర్లు పిలిచింది. పేరుకో "ఆయ్" వచ్చింది, లోపల్నుంచి, సన్నగా, వణుకుతూ.

"మరిడమ్మా!"

పలకలేదు.

"మరిడమ్మా!"

"...ఆయ్."

నోట్లో నీళ్లు పెట్టుకుని అన్నట్టుంది. పిల్ల గొంతు కాదు.

ఏలీయా గెడ ఆపేసి కామాక్షి మొహంలోకి చూసేడు. "అదేం గొంతండీ?" అన్నాడు, గుసగుసగా.

"జలుబు చేసుంటుంది. పోనీయండి."

నడిగోదారిలో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఊరుకోబెట్టడానికి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసింది. మనిషికొకటి. సరిగ్గా ఇరవై రెండు. పట్టా కింద నుంచి చేతులు ఒకటొకటే బయటికొచ్చేయి. ఇచ్చుకుంటూ పోయింది.

ఒకటి మిగిలింది.

అప్పుడే... వెనక... లంక వైపు నుంచి... బూరా.

పీ...

ఏలీయాకి వినబడలేదో, వినబడనట్టే ఊరుకున్నాడో. వెనక్కి తిప్పమంటే తిప్పుతాడు. కానీ పిల్లని మర్చిపోయిన మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? డబ్బాలో మిగిలినదాన్ని రేవులో వెంకటరమణమ్మగారు చూస్తే?

పీ... మళ్లీ.

కామాక్షి పూతరేకు నోట్లో పెట్టుకుంది. నమలక్కర్లేకుండానే కరిగిపోయింది.

రేవులో గోలగోల. ఎవరి పిల్లల్ని వాళ్లు లాక్కుపోయేరు. చీకటి పడ్డాక బంగారమ్మ వచ్చింది.

"పేరు పిలిస్తే పలికిందమ్మా, నావలో వచ్చింది," అన్నారు అందరూ. "ఆయ్, పలికిందండి," అన్నాడు ఏలీయా కూడా, నేల చూస్తూ. కామాక్షి తల ఊపింది. అంచేత ఊరంతా వెతికేరు గానీ లంకలో ఎవరూ వెతకలేదు. ఆ రాత్రి గోదారి లంక మీదికి వచ్చేసింది.

పై నెల నుంచి ఉద్యోగం వచ్చింది.

బిడ్డని రేవులో ఎవరో ఎత్తుకుపోయేరని బంగారమ్మ నమ్మకం. ఇప్పుడు తాటిపాకలో ఓ బియ్యం మిల్లులో చెరుగుడు పని. ఏ ఊళ్లో తీర్థం జరిగినా వెళ్లి, ఆడపిల్లలు నవ్వితే పళ్లు చూస్తుందిట.

ఇవాళ మధ్యాహ్నం వెంకటరమణమ్మగారు బడికొచ్చి హాజరుపట్టీ తిరగేసేరు. అందులో ఓ పాత పేరు ఎవరూ కొట్టెయ్యకుండా ఉండిపోయింది. "ఈ మరిడమ్మ ఎవరే?" అన్నారు. ఆ పేరే ఆవిడకి గుర్తు లేదు. కామాక్షి నోరు తెరిచేలోపే పిల్లల వైపు తిరిగి పిలిచేరు.

"మరిడమ్మా!"

"...ఆయ్."

పిల్లలందరూ ఒక్కసారి తలలు తిప్పి కామాక్షినే చూసేరు. తన వెనక ఉన్న తలుపుని చూస్తున్నారనుకుంది.

"ఉందిగా! జలుబుకి మిరియాల కషాయం పట్టించు," అని సంతకం పెట్టి వెళ్లిపోయేరు వెంకటరమణమ్మగారు.

బడి వదిలేసేరు. తూర్పున మబ్బు. బల్లలు ఖాళీ. ఎక్కడా తడి లేదు గానీ నాచు వాసన.

కామాక్షి కూచుని ఆలోచించింది. పోస్టాఫీసు ఇంకా మూసి ఉండరు. మిల్లుకి ఫోనుంది. బంగారమ్మని పిలిపించవచ్చు. పిల్ల రేవు దాకా రాలేదని, ఇంక తీర్థాలు తిరగొద్దని చెప్పొచ్చు. కానీ చెప్పాలంటే పేరు అనాలి. పేరు అన్నానంటే అది పలుకుతుంది. తీగ అవతల ఆ తల్లి వింటుంది. నా బిడ్డ బతికే ఉందనుకుంటుంది...

అయినా సరే. లేచి తలుపు గొళ్లెం తీసింది.

"ఫోన్ చేస్తానే మరిడమ్మా," అంది పైకి. "ఇప్పుడే చేస్తాను."

"...ఆయ్."

ఈసారి గది ఖాళీగా ఉంది కాబట్టి తెలిసింది. ఆ మాటకి కదిలింది తన పెదాలే. నాలిక మీద గోదారి నీళ్లు, నెయ్యీ బెల్లం.