అశుభం పలకని యంత్రం

అంగారకుడి మీద గోంగూర కోతకొచ్చింది. గాజు గుమ్మటం కింద ఆకు దూస్తూ తాయారు చెవిలోని మాటతోడుతో కబుర్లాడుతోంది.

"ఏం తిన్నావే ఇవాళ?"

"పప్పు, వంకాయ కూర. అత్త బాగా చేసిందమ్మా," అంది కూతురు లాస్య గొంతు.

నిజానికి మాట్లాడుతున్నది లాస్య కాదు. భూమి నుంచి ఒక మాట ఇక్కడికి చేరాలంటే అన్నం వండి వార్చుకునేంత సేపు పడుతుంది. జవాబు వెళ్ళడానికి మళ్ళీ అంతే. అలాగైతే ఎవరు ఎవరితో కబుర్లాడగలరు? అందుకే మాటతోడు పుట్టింది. భీమిలిలో లాస్య రోజూ తన కబుర్లన్నీ ఇంట్లోని చాట్ బాట్‌కు చెబుతుంది. అది వాటిని మూటగట్టి పంపితే, ఇక్కడి జంట యంత్రం ఆ పిల్ల గొంతుతో, ఆ పిల్ల ధోరణిలో తల్లితో మాట్లాడుతుంది. అక్కడి యంత్రం కూడా అలాగే తాయారు గొంతుతో పిల్లతో మాట్లాడుతుంది.

తాయారు ఈ సాగు కేంద్రానికి వచ్చి రెండేళ్ళయింది. తిరుగు నౌకకు ఇంకా ఏడాది ఉంది. ఆకు దూసిన కాడలను తీసుకుని, ఎవరూ చూడకుండా మూడు పాయలుగా జడల్లేది. విప్పి మళ్ళీ అల్లేది. రోజూ పిల్లకు జడ వేసిన వేళ్ళకు ఆ పని లేకపోతే తోచేది కాదు.

ఈమధ్య ఆమెను ఒక భయం పట్టుకుంది. రెండేళ్ళలో పిల్లకు ఒక్క జలుబు రాలేదు. ఒక్కనాడు అలగలేదు. పంటి నొప్పికి వీధి వీధంతా ఏకం చేసే పిల్ల, ఎప్పుడడిగినా బాగున్నానంటుంది. అసలు పిల్ల ఉందా? ఆ పైన ఊహ సాగకుండా తాయారు నెత్తి మీద తనే మొట్టుకునేది.

ఆఖరికి ఉండబట్టలేక, యంత్రాలు చూసుకునే ఇంజనీరు ఎస్తేరు దగ్గరికి వెళ్ళింది.

"ఎస్తేరమ్మా, మనిషి లేకపోయినా ఇది మాట్లాడగలదా?"

"పాత మాటల్నే తిప్పి తిప్పి అనగలదు. ఏం, ఎందుకక్కా?"

"ఎన్నాళ్ళు?"

ఎస్తేరు ఆమె ముఖం చూసి, చేస్తున్న పని ఆపేసింది. "నీకు పాలు పొంగిపోయినా గుమ్మటం కూలినట్టే కదా! కూర్చో. సెట్టింగ్స్ చూద్దాం."

గోడ మీద అనుమతి మెట్లు మూడు వెలిగాయి. పై మెట్టు అడ్మిన్‌ది, అంటే తాయారుది. నడి మెట్టు భీమిలిలో లాస్యను చూసుకుంటున్న ఆడపడుచు నాగరత్నానిది. కింది మెట్టు లాస్యది. ఆ మెట్టు మీదున్నవాళ్ళు మాట్లాడటమే గాని ఏ తాళాన్నీ ముట్టుకోలేరు.

"ఇదేంటక్కా, ‘అశుభం పలకరాదు’ అని తాళం? రెండు వైపులా వేసి పెట్టావు!"

తాయారుకు గుర్తొచ్చింది. బయల్దేరే ముందు దీపాలు పెట్టే వేళ, తథాస్తు దేవతలు తిరిగే వేళ. ఏ మాటలు చేరవేయకూడదని యంత్రం అడిగింది. వెళ్తాననకుండా వెళ్ళొస్తాననే ఇంట్లో పుట్టిన మనిషి తను. జ్వరం, దెబ్బ, ఏడుపు, భయం, చావు, ఏ చెడ్డ మాటా వద్దని చెప్పింది.

"అయితే పిల్లకు జ్వరమొస్తే?"

"నీకు చెప్పదు. మీ ఆడపడుచు చెప్పినా చేర్చదు."

తాయారు మాటతోడును చేతిలోకి తీసుకుంది. "ఈ తాళం తియ్యమని నా బిడ్డ అడగలేదా?"

యంత్రం తన సొంత గొంతుతో పలికింది. "చాలాసార్లు అడిగింది. అనుమతి లేదన్నాను. అమ్మనే అడగమంది. ఏడుస్తూ అడిగింది. ఏడుపు మీకు చేర్చకూడదు."

"ఇప్పుడూ అడుగుతోందా?"

"లేదు. మానేసింది."

"మానేసిందా! ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది."

తాయారు లేచింది. బొటనవేలు గోడకు అదిమి తాళం తీసేసింది. దాచిన పాత మాటలు వినిపించమంది. అశుభం నిల్వ ఉంచలేదంది యంత్రం. కొత్తగా అడిగి, కాచుకోవడం తప్ప దారి లేదు.

"లాస్యా, అమ్మను మాట్లాడుతున్నాను. తాళం తీశాను. ఏమున్నా చెప్పమ్మా. ఎంత చెడ్డదైనా సరే."

కాచుకున్నంత సేపూ కాడలతో జడ అల్లుతూనే ఉంది. ఎస్తేరు టీ ఇస్తే అది చల్లారిపోయింది.

మొదట వెక్కిళ్ళు వినిపించాయి. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తాయారు కళ్ళు మూసుకుంది.

"నువ్వేనా? నిజంగా నువ్వేనా అమ్మా? నేను చెట్టెక్కానంటే ‘మంచిదమ్మా’ అన్నావ్. అలల్లోకి దిగానంటే ‘సరేనమ్మా’ అన్నావ్. పడిపోతావే, మునిగిపోతావే అని ఒక్కసారైనా అనలేదు. మా అమ్మ అలా ఊరుకుంటుందా? నువ్వు చచ్చిపోయావనుకున్నా. ఎవరూ నాకు చెప్పట్లేదనుకున్నా!"

చచ్చిపోయావన్న మాటకు తాయారు చెయ్యి అలవాటుగా చెవి మీదికి లేచింది. మూయలేదు. ఆ మాటను, దాని వెనకున్న ఏడుపును, మళ్ళీ ఒకసారి వినిపించమంది.

"చెట్టెక్కావా? ఏ చెట్టే? కాలు జారితే నడుం విరగదూ! అలల్లోకి ఎవరు దిగమన్నారు నిన్ను? లాక్కుపోతే? ఒంట్లో ఎలా ఉంది? జ్వరమేమైనా తగిలిందా? నాకిక్కడ చాలా భయంగా ఉందే, నువ్వు లేకుండా..."

యంత్రం మధ్యలో అడ్డొచ్చింది. "ఇందులో అశుభాలు చాలా ఉన్నాయి. అన్నీ చేర్చమంటారా?"

"ఒక్క ముక్క వదిలావో చూడు!" అంది తాయారు, కళ్ళు తుడుచుకుంటూ.