ఆపరేషన్ వంటావార్పు

సకల జనుల సమ్మెతో బస్సులు నిలిచిపోయిన రోజులవి. ఏజెంట్ నాగేశ్వరి మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వచ్చింది. ఓ బట్టల షాపు మేడమీద, కరెంటు లేని గదిలో, ఇంటెలిజెన్స్ అధికారి చక్రపాణి ఫైలుతో విసురుకుంటూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

తేజస్విని అనే అమ్మాయి రక్షణ పరిశోధనశాలలో టెక్నికల్ అసిస్టెంట్. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒకణ్ణి నమ్మి తన ఫొటోలు పంపింది. అవి బట్టల్లేని ఫొటోలు. వాడు ఒక విదేశీ ముఠా వేసిన ఎర. ఇప్పుడు క్షిపణి డ్రాయింగులు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వాలట. ఇవ్వకపోతే ఫొటోలు ఆమె తండ్రికి, ఆఫీసులో అందరికీ చేరతాయి. రేపు మధ్యాహ్నం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, ఉద్యమకారుల వంటావార్పు దగ్గర అప్పగించాలి. కోడ్ వర్డ్, "కారం సరిపోయిందా?"

ముఠాలో తనకొక ఇన్ఫార్మర్ ఉందని చక్రపాణి గర్వంగా చెప్పాడు. పేరు సింధూర, బ్యూటీపార్లర్ నడుపుతుంది. వచ్చేది గులాబీ కండువా వేసుకున్న మగమనిషి అని ఆమే చెప్పిందట.

సాయంత్రం నాగేశ్వరి క్యారియర్లు అందించే మనిషి వేషంలో చైతన్యపురి హాస్టల్‌కి వెళ్లి తలుపేసి, తానెవరో చెప్పింది. తేజస్విని మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

"నన్ను జైల్లో పెడతారా ఆంటీ? పంపింది నేనే కదా."

"నమ్మి పంపుడు నేరం గాదు బిడ్డా. నువ్వు ఒప్పుకోకుండ వాళ్లు బయట పెడితే నేరం, ఐటీ చట్టంల అరవై ఆరు-ఇ. అవి చూపిచ్చి ఇజ్జత్ తీస్తమని బెదిరిచ్చుడు ఇంకో నేరం. దానికి ఏడేండ్ల దాంక పడ్తది. డ్రాయింగులు ఇచ్చినవనుకో, జైలుకు పొయ్యేది నువ్వు."

"మరి నాన్నగారికి తెలిస్తే?"

దానికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు. నాగేశ్వరి ఆ పిల్ల రేగిన జుట్టు సవరించింది. తలకు నూనె ఎన్నాళ్లయింది పెట్టుకోక అని అడిగింది.

మర్నాడు విజయవాడ హైవే మధ్యలోనే రాళ్ల పొయ్యిలు వెలిగాయి. లారీలు వరసగా ఆగిపోయాయి. చీర కొంగు నడుముకు దోపి, నాగేశ్వరి బకెట్లో వేడి పప్పు పట్టుకుని వడ్డిస్తోంది. చంకలో సంచి, అందులో లోపలంతా అల్యూమినియం రేకు అతికించిన స్టీలు డబ్బా. మూత పెడితే ఫోన్‌కి సిగ్నల్ అందదు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్ అదొక్కటే. తేజస్విని పంక్తిలో కూర్చుంది. గుప్పిట్లో ఖాళీ పెన్‌డ్రైవ్.

చక్రపాణి మనుషులు గులాబీ కండువా కోసం వెతుకుతున్నారు. అక్కడ అది లేని మగవాడే కనిపించడం లేదు.

నాగేశ్వరి కళ్లు మాత్రం ఫుట్‌పాత్ మీద ఆగాయి. నల్లకళ్లద్దాలు, ముఖానికి చుట్టుకున్న చున్నీ, ఎత్తుమడమల చెప్పులు. ఆ అందగత్తె ప్లేటు పట్టుకుని నిలబడి తింటోంది. వంటావార్పు తిండి కోసం కాదు, దారి మూయడానికి. ఉద్యమం కోసం వచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా రోడ్డు మీదే బాసింపట్టు వేస్తారు. పక్కకు జరిగి, దారి వదిలి తినేవాళ్లకు ఇక్కడ వేరే పని ఉండాలి.

నాగేశ్వరి బకెట్‌తో పంక్తి వెంట జరిగింది. నల్లకళ్లద్దాల మనిషి ఫుట్‌పాత్ దిగి వచ్చి తేజస్విని మీదకు వంగింది.

"కారం సరిపోయిందా?"

పెన్‌డ్రైవ్ చేతులు మారింది. తేజస్విని చూపు ఒక్కసారి నాగేశ్వరి వైపు తిరిగింది. అది చాలు. నల్లకళ్లద్దాల మనిషి ఫోన్ తీసి బటన్ నొక్కేసింది. ఫొటోలతో మెయిల్ ముందే సిద్ధంగా ఉంది.

నాగేశ్వరి గరిటెడు పప్పు ఆ మణికట్టు మీద పోసింది. ఫోన్ కింద పడింది. తెరమీద, మెయిల్ ఎంత వెళ్లిందో చూపే పచ్చగీత మెల్లగా పాకుతోంది. మన నెట్‌వర్క్ నిదానం మీద నాగేశ్వరికి జీవితంలో మొదటిసారి ప్రేమ కలిగింది. ఫోన్‌ని డబ్బాలో వేసి మూత బిగించింది. చివర్లో గోరంత మిగిలి ఉండగా మెయిల్ ఆగిపోయింది.

పరుగెత్తుకొచ్చిన చక్రపాణి చున్నీ తీయించి, ముఖం చూసి తెల్లబోయాడు.

"ఈమె మన సింధూర."

స్టేషన్లో ఎస్సై కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీయకుండానే తేజస్వినిని చూశాడు.

"అసలు గసొంటి ఫొటోలు ఎందుకు పంపినవమ్మా?"

తేజస్విని తల దించుకుని లేవబోయింది. బెంచీ మీద, మణికట్టుకు కట్టుతో కూర్చున్న సింధూర నవ్వింది.

"నా ఫొటోలు తీస్కొని వాళ్లు బెదిరిచ్చినప్పుడు, నేను గూడ ఠాణాకే పోయిన సార్. గిదే అడిగిండ్రు. సిగ్గయి లేచి ఒచ్చిన. ఇగ వాళ్లు చెప్పిందల్లా చేసుడే."

నాగేశ్వరి తేజస్విని భుజం పట్టి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూలబడింది.

"గీ ప్రశ్నతోని ఒక గూఢచారి తయారైంది సార్. ఇంకొకలను పట్టుకునే ఓపిక నాకు లేదు. ఫిర్యాదు రాసుకోండ్రి."