మిగిలిన మలుపు

శనివారం పొద్దున ఆర్జియా వంటింటి బల్ల మీద పిండి ఒత్తుతోంది. ఎనభై దాటిన మనిషి, అయినా ఆ ఇంట్లో అప్పడాల కర్ర ఇంకొకరి చేతికి ఇవ్వదు. కిటికీ అవతల చెట్లు, చెట్ల అవతల ఏరు, ఏరు దాటితే రేసు ట్రాక్. ఇమోలాలో ఆ వీధి వాళ్ళకి ఇంజన్ల మోతతో తెల్లవారడం కొత్తేమీ కాదు.

"ఎవడో పిరికివాడు. మలుపు రాకముందే గేరు దించేస్తున్నాడు," అంది ఆర్జియా చెయ్యి ఆపకుండానే.

కాఫీ కాస్తున్న కోడలు మిరెల్లా నవ్వింది. "ఇక్కడ నిలబడి అదెలా కనిపెట్టారత్తయ్యా?"

"మీ మామగారు నాకు ప్రేమ కబుర్లు చెప్పింది తక్కువ, గేర్ల గురించి చెప్పింది ఎక్కువ. చెవులు అలా తయారయ్యాయి, ఏం చేస్తాం!"

అంతలో మెట్ల మీద అలికిడయింది. లోరిస్ దిగుతున్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్కొక్క మెట్టునీ పాదంతో తడిమి చూసుకుంటూ దిగుతున్నాడు. భుజం ఇంకా నొప్పి పెడుతోందేమో అనుకుంది మిరెల్లా. కిందకి వచ్చాక భార్యకేసి చూసి, తల కొంచెం పక్కకి వాల్చి నవ్వాడు. ఈ మధ్య అలా తల వాల్చి చూడడం అలవాటయింది అతనికి. ఆ చూపు ఆమెకి నచ్చింది కూడా. ఇన్నేళ్ళకి తన మాట శ్రద్ధగా వింటున్నాడనిపించేది.

లోరిస్ నడక నేర్చిన కొన్నాళ్ళకే స్టీరింగ్ పట్టుకున్నాడని ఆర్జియా చెబుతూ ఉంటుంది. తండ్రి మెకానిక్. పాత ఇనప ముక్కలు అతికించి కొడుక్కి చిన్న కారు చేసి ఇచ్చాడు. లోరిస్ కుర్రాళ్ళ పోటీల్లో గెలిచాడు, పెద్దవాళ్ళ పోటీల్లోనూ గెలిచాడు. ఒక చలికాలం, ప్రపంచమంతా టీవీలో చూసే ఆ పెద్ద పోటీ కారులో కూర్చోబెట్టి పరీక్ష కూడా చేశారు. బాగా నడిపాడనే అన్నారు. కానీ ఆ సీటు ఇంకొకడికి వెళ్ళింది. ఎందుకని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ముగ్గురేసి డ్రైవర్లు వంతులవారీగా పగలూ రాత్రీ నడిపే సుదీర్ఘ పోటీలలో చేరాడు. ఈ వారం జపాన్, పై వారం బ్రెజిల్. ఇంటికి వచ్చేవాడు, బట్టలు ఉతికించుకునేవాడు, వెళ్ళిపోయేవాడు.

పెళ్ళయ్యాక మిరెల్లా ఒక్క రేసుకీ వెళ్ళలేదు. పెళ్ళికి ముందు వేరే ఊళ్ళో ఒకసారి చూడబోయి, మొదటి కారు కళ్ళ ముందునుంచి దూసుకుపోగానే చెవులు మూసుకుని బయటికి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. రేసు రోజుల్లో పూల దుకాణంలో పని పెట్టుకునేది. ఫోను మోగి, "అయిపోయింది, బాగానే ఉన్నాను," అన్న మాట వినపడేదాకా కత్తిరించిన పువ్వులనే మళ్ళీ మళ్ళీ కత్తిరించేది.

కిందటి శరదృతువులో ఆ ఫోను లోరిస్ చెయ్యలేదు. బెల్జియంలో వాన. కారు జారి గోడకి కొట్టుకుంది. భుజం విరిగింది, తలకి దెబ్బ తగిలింది. అప్పటినుంచి ఇంట్లోనే ఉన్నాడు. చలికాలమంతా పక్కన భర్త నిద్రపోతున్నాడు, పొద్దున్నే భర్త కాఫీ తాగుతున్నాడు. ఆమె ఏళ్ళ తరబడి కోరుకున్నది ఇదే. కానీ ఏటి అవతల ఇంజన్లు మొదలుకాగానే అతను మాట మధ్యలో ఆగిపోయేవాడు. పక్కింట్లో తన గురించి ఎవరో మాట్లాడుకుంటున్నారని చెవులు రిక్కించిన మనిషిలా నిలబడిపోయేవాడు. అప్పుడు ఎంత పిలిచినా పలికేవాడు కాదు. అంత దగ్గర్లో ఉన్న మనిషి మీద ఇంత బెంగ ఉంటుందని ఆమెకి ముందు తెలీదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోను వచ్చింది. లోరిస్ పెరట్లోకి వెళ్ళి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఫౌస్తో చేశాడు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. ఫౌస్తో అతనికి సీట్లు కుదిర్చే పాత స్నేహితుడు. "జర్మనీ వాళ్ళ టీములో ఒకడు మానేశాడట. రెండేళ్ళ కాంట్రాక్టు. బుధవారం డాక్టరు పరీక్ష, వచ్చే నెల్లో కారు ఎక్కడమే."

ఆర్జియా పులుసు గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"నువ్వేమన్నావు?" అంది మిరెల్లా.

"ఏమంటాను? సరే అన్నాను."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"ఎప్పుడైనా అడిగానా?"

అతను తమాషాగానే అన్నాడు. ఆమెకి తమాషాగా లేదు. "అడగలేదు. నిజమే. ఏనాడూ అడగలేదు. పిల్లకి జ్వరమొస్తే అడగలేదు, మా నాన్న పోతే అడగలేదు. గోడకి గుద్దుకుని వచ్చాక కూడా అడగవా? మమ్మల్నేమనుకుంటున్నావు లోరిస్, పెట్టెలు దాచుకునే గది అనుకుంటున్నావా?"

"అమ్మా, తిననివ్వు," అంది కూతురు నోయెమి. పదహారేళ్ళ పిల్ల. పొద్దుట్నుంచీ ఏదో మింగలేక కక్కలేక ఉన్నట్టుంది.

"నాకు నలభై రెండేళ్ళు. ఇంక ఎవరు పిలుస్తారు నన్ను?" లోరిస్ గొంతు పెరిగింది. "ఇదే ఆఖరు సీటు. ఇది పోతే ఏం చెయ్యను? పూలకి నీళ్ళు పొయ్యనా?"

"నా పువ్వులు నీకు అంత చులకనా?"

నోయెమి చెంచా బల్ల మీద గట్టిగా పెట్టింది. "నాన్నా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నోయెమీ!" అన్నాడు లోరిస్ హెచ్చరికగా.

"ఒట్టు వేయించుకున్నావు. నిన్నట్నుంచీ నాకు అన్నం దిగట్లేదు." పిల్ల తల్లివైపు తిరిగింది. "నిన్న బడినుంచి తీసుకొస్తుంటే దారంతా ఒక కన్ను మూసుకునే నడిపాడమ్మా. ఎందుకని అడిగాను. రెండూ తెరిస్తే ఎదురుగా వచ్చేవి రెండేసి కనిపిస్తున్నాయట. బెల్జియంనుంచీ అంతేనట!"

లోరిస్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నా కళ్ళు నావి. వాటి సంగతి నేను చూసుకుంటాను," అని పెరటి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

"ఒట్టు తప్పినందుకు దేవుడు నిన్నేమీ అనడులే," అని ఆర్జియా మనవరాలి తల నిమిరింది. తర్వాత కోడలితో, "వెళ్ళమ్మా. నేను వెళ్తే వాడు పసివాడైపోతాడు. నువ్వు వెళ్తే మొగుడిలా మాట్లాడతాడు," అంది.

షెడ్డులో అతను పాత హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"మెట్ల మీద గోడ పట్టుకునేది భుజం నొప్పి వల్ల కాదన్నమాట," అంది మిరెల్లా గుమ్మంలో నిలబడి.

అతను హెల్మెట్ అద్దాన్ని బొటనవేలితో రుద్దుతున్నాడు.

"తల వాల్చి చూసేదీ అందుకేనా?"

"అలా వాలిస్తే రెండూ ఒకటవుతాయి," అన్నాడు లోరిస్ నెమ్మదిగా. "తిన్నగా చూస్తే కొంచెం విడిపోతాయి, కిందకి చూస్తే మరీను. బొలోన్యాలో కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాను. ఏడాది ఆగమన్నాడు. నయమైతే అవ్వచ్చు, లేకపోతే లేదు అన్నాడు."

తన మాట శ్రద్ధగా వింటున్నాడని మురిసిపోయినందుకు ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ అణుచుకుంది.

"మరి బుధవారం ఎలా గట్టెక్కుతావు?"

"కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదవమంటారు. కొంచెం తల వాలిస్తే ఎవడు కనిపెడతాడు? ఇన్ని నెలలుగా పక్కన పడుకున్న నువ్వే కనిపెట్టలేదు."

"కారులో కూడా తల వాల్చుకునే నడుపుతావా? నీ పక్కనుంచి పోయేవాళ్ళకీ పెళ్ళాం బిడ్డలు ఉంటారు లోరిస్."

అతని మొహం ఎర్రబడింది. "అక్కడ ఏముంటుందో నీకేం తెలుసు? ఇన్నేళ్ళలో ఒక్కసారి వచ్చావా? నేనేం చేస్తానో ఒక్కసారి చూశావా? కళ్ళు అక్కడ సగమే చేస్తాయి. మిగతాదంతా ఒంటికి తెలుస్తుంది."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. గుమ్మం దాటి లోపలికి వచ్చి, "అయితే చూపించు," అంది.

"ఏంటి?"

"రేపు సాయంత్రం పోటీలయ్యాక జనాన్ని ట్రాక్ మీద నడవడానికి వదులుతారు కదా. నన్ను తీసుకెళ్ళు. నువ్వేం చేస్తావో నాకు చూపించు. అంతా చూశాక కూడా నువ్వు వెళ్ళాలనే అంటే, నీ పెట్టె నేనే సర్దుతాను."

ఆదివారం సాయంత్రం గేటు తెరిచారు. సైకిళ్ళ మీద పిల్లలు, కుక్కల్ని పట్టుకున్న ముసలాళ్ళు లోపలికి నడిచారు. తారు ఇంకా వేడిగా ఉంది, కాలిన రబ్బరు వాసన వస్తోంది. ఇంటికి ఇంత దగ్గర్లో ఇంత వెడల్పాటి దారి ఉందని, అది ఇంతగా ఎత్తెక్కి పల్లమవుతుందని మిరెల్లా ఎప్పుడూ అనుకోలేదు. వంటింట్లోకి వినిపించే ఆ మోత ఆమెకి ఇన్నాళ్ళూ చదునైన నేల మీదిదే.

మొదట లోరిస్ ముభావంగా నడిచాడు. తోజా మలుపు చేరేసరికి మాట వచ్చింది.

"ఇక్కడ బ్రేకు తొక్కితే పొట్టలోవన్నీ ముందుకొస్తాయి. బెల్టు ఆపుతుంది. అప్పుడు చెయ్యి తొందరపడకూడదు. మొదటిసారి వచ్చేవాడు ఇక్కడే తొందరపడతాడు."

"అత్తయ్య పిరికివాడన్నది వాణ్ణేనా?"

"అమ్మ అందా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు మిరెల్లా చాలా రోజులుగా వినలేదు. ఎత్తు ఎక్కుతుంటే అతని నడక మారింది. భుజాలు విచ్చుకున్నాయి. "ఇక్కడ ఆకాశం తప్ప ఏమీ కనపడదు. మలుపు ఆ పైన ఉందని నమ్మి పోవాలి. రాత్రిపూట అయితే దీపం వెలుగు కూడా గాల్లోకే పోతుంది. ఆ ఒక్క క్షణం, మిరెల్లా, లోకంలో నాకే దిగులూ ఉండదు. నోయెమి పుట్టిన వారం పోర్చుగల్‌లో ఇలాంటి చోటే ఒకటి దాటుతూ నిన్ను తలుచుకుని గట్టిగా అరిచాను. హెల్మెట్ రేడియోలో టీమంతా విన్నారు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదుగా," అన్నాడు. ఈసారి దెప్పుతున్నట్టు లేదు.

ఆమె అతన్నే చూస్తూ నడిచింది. తనని వదిలి ఎక్కడికో పోతున్నాడని తను ఎవరికోసం ఏడ్చిందో, ఆ మనిషి పూర్తిగా ఉండేది ఇక్కడే. ఇన్నేళ్ళూ తను గుమ్మం దగ్గర ఎదురుచూసింది అలసిపోయి వచ్చిన సగం మనిషి కోసం. మిగతా సగం ఏటి అవతలే ఉంటే, ఒక్కసారైనా వంతెన దాటలేదు తను.

గుట్ట చివర రివాజ్జా మలుపు వచ్చింది. అక్కణ్ణుంచి దారి ఎడమవైపు తిరుగుతూ ఒక్కసారిగా కిందకి దిగుతుంది. అంచున ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన గట్టు ఉంది.

"ఇదే నా మలుపు," అన్నాడు లోరిస్. "అందరూ ఇక్కడ గట్టుకి దూరంగా పోతారు. నేను దాని మీదకే ఎక్కిస్తాను. చూడు, సరిగ్గా ఇక్కడ." అని గబగబా కిందకి నాలుగు అంగలు వేసి, గట్టు మీద కాలు పెట్టబోయాడు. అడుగు గట్టు మీద పడలేదు. పక్కనున్న పల్లంలో పడింది. మోకాళ్ళ మీద కూలబడిపోయాడు.

మిరెల్లా పరిగెత్తుకొచ్చింది. లేపబోతే వద్దన్నాడు. కూర్చున్నచోటే తల ఇటు వాల్చి, అటు వాల్చి ఆ గట్టునే చూశాడు. చెయ్యి చాచి తడిమాడు. చెయ్యి కూడా మొదట ఖాళీ తారు మీదే పడింది.

"రెండున్నాయి," అన్నాడు. "రెండు గట్లు కనిపిస్తున్నాయి మిరెల్లా. ఏది నిజమో నాకు తెలియట్లేదు. నా మలుపులోనే తెలియట్లేదు."

అతను ఏడవడం ఆమె మొదటిసారి చూసింది. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదు. పక్కనే తారు మీద కూర్చుని అతని తల ఒడిలోకి తీసుకుంది. సైకిలు మీద పోతున్న పిల్లలు ఆగబోయి, మళ్ళీ వెళ్ళిపోయారు.

"నేనొకటి చెప్పాలి," అంది అతని జుట్టు నిమురుతూ. "బెల్జియంనుంచి ఫోనొచ్చి, ప్రాణానికేం భయం లేదు కానీ ఇప్పట్లో నడపలేడు అన్నారు చూడు... నాకు సంతోషం కలిగింది. ఇంక ఇంట్లో ఉంటాడని. నువ్వక్కడ నొప్పితో మూలుగుతుంటే నేనిక్కడ సంతోషపడ్డాను."

లోరిస్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆసుపత్రికి వచ్చినప్పుడే నీ మొహం చూసి అనుకున్నాను. కోపం రాలేదు. పాపం, దీనికి ఎన్నాళ్ళకి సెలవు దొరికిందో అనుకున్నాను."

"అప్పుడు నాకు తెలీదు లోరిస్. నీకిక్కడ ఏముందో తెలీకుండానే అది పోవాలని కోరుకున్నాను. తెలిసుంటే వచ్చేదాన్ని. ప్రతిసారీ వచ్చేదాన్ని."

లోరిస్ ఆమె చెయ్యి గట్టిగా నొక్కి వదిలాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

"ఫౌస్తో, నేనే. బుధవారం రావట్లేదు... కాదు, ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నేనే చెబుతున్నాను. నా కంటికి దెబ్బ తగిలింది. నీకు ముందే చెప్పాల్సింది... ఆ సీటు కుర్రాడెవడికైనా ఇవ్వు. మంచి కారు అది." అవతల ఏమన్నారో, చాలాసేపు విన్నాడు. "అవునురా," అని మాత్రం అని పెట్టేశాడు.

ఎండ గుట్ట వెనక్కి జారింది. గేటు దగ్గర కాపలా మనిషి చేతులూపుతూ జనాన్ని బయటికి పంపిస్తున్నాడు. లోరిస్ లేచి ప్యాంటుకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"పద, ఇంటికి పోదాం. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"ఇక్కణ్ణుంచి చివరిదాకా చెప్పలేదుగా నువ్వు," అంది మిరెల్లా.

"కిందకి దిగాలి. నాకు సరిగ్గా కనపడదు."

"నేల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కళ్ళు మూసుకుని చెప్పు."

ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. లోరిస్ ఒక క్షణం తటపటాయించి, రెండు కళ్ళూ మూసుకున్నాడు.

"ఇప్పుడు బ్రేకు. గట్టిగా. వదులు... వదులు... ఎడమకి తిప్పు. కారు వెనక భాగం కొంచెం జారుతుంది, జారనీ. భయపడకు."

"భయపడట్లేదు," అంది ఆమె, అతన్ని గట్టు పక్కనుంచి జాగ్రత్తగా దించుతూ.

కాపలా మనిషి కిందనుంచి కేకేశాడు. "అయ్యా, అమ్మా! గేటు మూసేస్తున్నాం, రండి!"

లోరిస్ ఆగిపోయాడు. మిరెల్లా ఆగలేదు. మొగుడి చెయ్యి విడవకుండానే, కింద ఉన్నవాడికి వినపడేలా గొంతెత్తి అరిచింది.

"కాస్త ఆగండి! మాకింకో మలుపు మిగిలుంది!"