కత్తెర గదిలో పిన్ని గొంతు

కత్తెర మీద ఆమెకి మొదట్నుంచీ అనుమానమే. రేడియో ఆఫీసులో ఎడిటింగ్ చేసే అతనికి అందరూ పెట్టిన పేరది. ఆమె రిపోర్టరు. ఆమెని పిడుగు అంటారు. ఎందుకని ఎవరూ అడగరు.

లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ల బతుకుని వాళ్ల నోటే చెప్పించి రికార్డు చేసుకొచ్చింది పిడుగు. వాళ్లలో సొంత పిన్నీ ఉంది. పుట్టి బుద్ధెరిగి మైకు ముందు నోరు విప్పని మనిషి. "నీ మాట నీ గొంతుతోనే వస్తుంది పిన్నీ" అని మాటిచ్చింది.

ఆ ఆఫీసు ఆనవాయితీ వేరు. ఆడవాళ్ల కథైనా మధ్యమధ్య వ్యాఖ్యానం చెప్పే ఒక పెద్దాయన దూరి వివరించాలి. పిన్ని నవ్వుతూ చెప్పిందాన్ని కూడా ఆయన ఏడుపు చేసి పెడతాడు.

ఈమధ్య పిడుగు గదిలోకి వస్తే చాలు, కత్తెర స్క్రీన్ ఆపేస్తున్నాడు.

"ఏం దాస్తున్నారు?"

"దాచడానికి ఏముందండీ."

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందట."

"ఇక్కడ పాలెక్కడివి? చల్లారిన టీ ఉంది, ఇమ్మంటారా?"

మాటకి మాట అప్పజెప్పాడు గానీ చూపు నేలకి దిగిపోయింది. తప్పు చేసినవాడి చూపు అనుకుంది. దానికి ఇంకో అర్థం ఉంటుందని తోచలేదు.

ఓ సాయంత్రం వానలోనే ఎటో బయల్దేరాడు. స్క్రీన్ ఆపడం మరిచాడు. పిడుగు చూసింది. పిన్ని గొంతు మ్యూట్‌లో ఉంది. ప్లే నొక్కితే పెద్దాయన ఒక్కడే వినపడ్డాడు.

ఒళ్లు మండింది. గొడుగు కూడా తీసుకోకుండా వెంటపడింది. తీరా చూస్తే అతను లాండ్రీలో దూరాడు. పిన్ని ముందు మైకు పట్టుకుని కూర్చున్నాడు.

"మా పిన్ని నోరు నొక్కేసి, మళ్లీ ఇక్కడికెందుకొచ్చారు?"

"నా నోరు నొక్కే మొనగాడు ఎవడే?" అంది పిన్ని, చీర మడత పెడుతూ. "ముందు అతను చెప్పేది విను."

"పెద్దాయన ఎక్కడెక్కడ మాట్లాడాడో వినడానికి ఆవిడ గొంతు కాసేపు ఆపాను" అన్నాడు కత్తెర. "ఆ చోట్లన్నీ ఇప్పుడు ఆవిడే చెబుతున్నారు. ఆయన్ని మొత్తం కోసేస్తున్నాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు బాస్ మీద పడతారు. ఆయన పంతానికి పోతాడు. పూర్తిచేసి వినిపిస్తే కాదనలేడని..."

బాస్ విన్నాడు. గొణిగాడు. సరే అన్నాడు.

ప్రసారం రోజున లాండ్రీలో మిషన్లన్నీ ఆపేశారు. పిన్ని నవ్వు నవ్వుగానే వచ్చింది. గుమ్మం బయట కత్తెర చినుకుల్లో నిలబడ్డాడు.

"ఇంకేమైనా దాచారా?" పిడుగుకి ఇంకా అనుమానమే.

"ఒకటుంది. రిపోర్టరు ప్రశ్నలు కోసెయ్యాలని రూలు. మీ గొంతు కొయ్యడానికి చెయ్యి రాలేదు. అన్నీ నా దగ్గరే ఉన్నాయి. రోజూ వింటున్నాను."

"నమ్మమంటారా?"

"తర్వాత నమ్ముదువు గాని" అంది లోపల్నుంచి పిన్ని. "ముందు లోపలికి పిలువు. అల్లుడికి జలుబు చేస్తుంది."

పిడుగు కస్సుమనలేదు. కాస్త జరిగి గుమ్మంలో చోటిచ్చింది.